కొడుక్కి ‘జ్వరం గంజి’ పోస్తున్నానట!

ప్రశ్న: మావారి వయసు 42. రెండు నెలల క్రితం చేయించిన పరీక్షల్లో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 170, మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చాయి. టిఫిన్ల బదులు ఓట్స్ తింటే మంచిదన్నారు డాక్టరు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఓట్స్ జావ కాస్తున్నాను. మా పెళ్లయిన దగ్గర్నుంచీ పిండి రుబ్బడం, టిఫిన్ చేయడం మా అత్తయ్య పని. ఆవిడ ఇప్పుడు ‘నా కొడుక్కి జ్వరం గంజి పోస్తోంది’ అని బంధువులందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు. మావారు వాళ్లమ్మ ముందు నోరు విప్పరు. పైగా ఇంట్లో ఓట్స్ తిని, ఆఫీసు పక్కన బండి మీద పూరీ తింటున్నారని మొన్ననే తెలిసింది. వంటింట్లోకి వెళ్లాలంటేనే విరక్తిగా ఉంది. ఏం చేయను?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు ఆ పూరీ సంగతి చూద్దామమ్మా. మీవారు మిమ్మల్ని మోసం చేశారని మీ బాధ. నాకైతే ఆయన మీ ఇద్దరికీ జడుస్తున్నట్టు కనిపిస్తోంది. అమ్మ ముందు ఓట్స్ కావాలనలేరు, మీ ముందు వద్దనలేరు. దానికి తోడు ఆకలి. అరకప్పు ఓట్స్ అంటే దాదాపు 40 గ్రాములు. నీళ్లతో కాస్తే అందులో ఉండేది 150 కేలరీలు, 5 గ్రాముల ప్రొటీను. నిన్నమొన్నటిదాకా ఐదారు ఇడ్లీలు పల్లీ చట్నీతో తిన్న మనిషికి అది పదింటిదాకా ఆగదు. కాబట్టి పూరీ గురించి నిలదీయకండి. ‘కడుపు నిండటం లేదా?’ అని అడగండి, చాలు. నిజం దానంతట అదే బయటికొస్తుంది.

ఇక అత్తయ్యగారు. మన ఇళ్లలో జావ ఎవరికి కాస్తాం? జ్వరం పడ్డవాళ్లకి, పళ్లూడిన పెద్దవాళ్లకి. నిక్షేపంలా తిరుగుతున్న కొడుకు పొద్దున్నే జావ గిన్నె పట్టుకుని కూర్చుంటే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. అదీగాక, ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆవిడదంటూ ఉన్న పని ఒక్క రోజులో చేజారింది. అసలు ఆ రిపోర్టులో ఏముందో ఆవిడకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. ఆవిడకు తెలిసిందల్లా కోడలు ఇడ్లీ మానిపించిందని.

ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. ఎంత మెత్తగా చెప్పినా మీ నోటి వెంట వస్తే అది కోడలి పెత్తనమే అవుతుంది. ‘అమ్మా, నాకు కొలెస్ట్రాల్ ఎక్కువుంది, షుగర్ అంచుదాకా వచ్చింది. తిండి మార్చమని డాక్టరు చెప్పారు, నేనే మారుస్తానన్నాను’ అని ఆయన చెప్పాలి. మీరు పక్కన లేనప్పుడు చెబితే మరీ మంచిది. ఆయన తప్పించుకోవాలని చూస్తారు. చూడనివ్వండి గానీ, ఆయన తరఫున మీరు మాత్రం మాట్లాడకండి.

రెండోది, ఓట్స్ ఆయన్నే కాచుకోమనండి. నవ్వకండి, పది నిమిషాల పని. 42 ఏళ్ల మనిషి తన ఒంటికోసం తాను కాచుకున్నది తింటుంటే ‘కోడలు పోసింది’ అనడానికి ఎవరికీ వీలుండదు. ఇది వంటల శీర్షిక కాదు గానీ, ఆ జావ బంకలా తయారైతే ఎవరైనా పూరీ బండి వైపే చూస్తారు కాబట్టి చెబుతున్నాను. ‘ఇన్‌స్టంట్’ అని రాసి ఉన్నవి, మసాలా ప్యాకెట్లు వద్దు. మొదటివి త్వరగా అరిగి షుగర్‌ను తొందరగా పెంచుతాయి, రెండోవాటిలో ఉప్పు ఎక్కువ. మామూలు అటుకుల్లాంటి ఓట్స్ తెచ్చి, నూనె లేకుండా మూడు నాలుగు నిమిషాలు దోరగా వేయిస్తే జిగురు తగ్గుతుంది. కప్పు ఓట్స్‌కి రెండున్నర కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు, సన్నమంట. ఇంకా కొంచెం పలచగా ఉండగానే దించేయాలి, ఆరేకొద్దీ అదే చిక్కబడుతుంది. గోరువెచ్చగా అయ్యాక చిలికిన మజ్జిగ కలిపి అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాలతో తిరగమోత పెట్టుకుంటే మన నోటికి ఎక్కుతుంది. పాలు, బెల్లం పోసుకుంటే షుగర్ అంచున ఉన్న మనిషికి ఉపయోగమేముంది? పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు నానబెట్టిన పల్లీలో ఉంటే మధ్యాహ్నందాకా ఆగుతుంది.

మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. ఓట్స్ మందు కాదు. కొలెస్ట్రాల్ తగ్గించేది అందులో ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. అది రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం దాకా తగ్గవచ్చు. అందుకు దాదాపు 75 గ్రాముల ఓట్స్ తినాలి, మీ అరకప్పు చాలదు. అంతా సవ్యంగా జరిగినా 170 ఏ 160కో వస్తుంది. మంచిదే, కానీ ఇల్లు రెండుగా చీలేంత లాభం కాదు. సాయంత్రం నడక, టీలో చక్కెర, బండి మీది నూనె కూడా లెక్కలోకి వస్తాయి. డాక్టరు మాత్ర అవసరమంటే ఓట్స్ తింటున్నాం కదా అని దాన్ని దాటేయకూడదు.

అందుకే వారంలో ఏడు రోజులూ ఓట్స్ అన్న పట్టు వదలండి. మూడు రోజులు అత్తయ్యగారికి వదిలేయండి. పొట్టు పెసలు నానబోసి రుబ్బి, పెనం మీద చెంచాడు నూనెతో పోసే పెసరట్టుకి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు. అల్లం చట్నీలో బెల్లం కాస్త తగ్గిస్తే సరి. అందులో ఉప్మా పెట్టకుండా చూడటం మాత్రం మీవారి బాధ్యత. కొడుక్కి ఏం పెట్టకూడదన్న దానికన్నా ఏం పెట్టవచ్చో తెలిస్తే ఆవిడకు చేతినిండా పని ఉంటుంది. రాగి జావ సంగతి అడిగితే, మెత్తటి పిండితో పలచగా కాచింది షుగర్‌ను త్వరగానే పెంచుతుంది. దానికన్నా జొన్నరొట్టె, పప్పు నయం.

బంధువుల ఫోన్లకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఎవరైనా అడిగితే ‘ఆయనకు కొలెస్ట్రాల్ అండీ’ అని ఊరుకోండి. కానీ మీ విరక్తిని తేలిగ్గా తీసుకోకండి. టిఫిన్ భారం దించుకున్నాక కూడా నెలలోగా అది తగ్గకపోతే, నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, దగ్గర్లోని కౌన్సెలర్‌ను కలవండి. అది ఓట్స్‌తో మొదలైంది కాకపోవచ్చు.

ఇంకో నెలకు మూడు నెలలు నిండుతాయి, మళ్లీ రక్త పరీక్ష చేయిస్తారు. రిపోర్టు చూపించడానికి వెళ్లేటప్పుడు అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి. డాక్టరుగారి ఎదుట కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి, ‘మా అబ్బాయికి ఏం వండమంటారు?’ అని ఆవిడనే అడగనివ్వండి.