పాత బెల్టు కౌంటరు మీద పెట్టారు కదా, అదే మీ బలం

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని, మాది కోదాడ. మా నాన్నగారు నడిపిన 1966 నాటి టాటా మెర్సిడిస్ బెంజ్ లారీని ముచ్చటపడి బాగుచేయించుకున్నాను. ఫ్యాన్ బెల్టు పగుళ్ళిస్తే విజయవాడలో ఒక విడిభాగాల దుకాణానికి పాత బెల్టు తీసుకెళ్ళి, బండి ఏదో చెప్పి, కౌంటరు మీద పెట్టాను. దానిమీద నంబరు చెరిగిపోయింది. ఆయన పొడవు కొలిచి, "ఇదే పడుతుంది, తీసుకెళ్ళండి" అని రూ. 480కి కొత్తది ఇచ్చాడు. ఫోన్‌పేలో కట్టాను, చిన్న చీటీ రాసిచ్చాడు. బిగించుకుని సూర్యాపేట బయల్దేరితే మునగాల దాటగానే కీచుమని అరుపు, సూర్యాపేట పొలిమేరలకు వచ్చేసరికి రేడియేటర్ నుంచి ఆవిరి. హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయింది, రూ. 31,000 అయింది. మేస్త్రీ చూసి, పాత బెల్టు 17 మిల్లీమీటర్ల వెడల్పు, కొత్తది 13 అన్నాడు. ఇంజను పుల్లీ (బెల్టు తిరిగే గాడి చక్రం) కూడా కంపెనీది కాదట, నాన్నగారు ఎప్పుడో మార్పించారట. తొమ్మిదో రోజు దుకాణానికి వెళితే "అమ్మిన సరుకు వాపసు తీసుకోము, మీ బండి పుల్లీ మార్చింది మేమా?" అన్నారు. నాకు డబ్బు వస్తుందా? ఈ లారీని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా? మున్ముందు సినిమా షూటింగులకు కిరాయికి ఇవ్వాలని ఉంది.

జవాబు: మాస్టారూ, ముందు మీ మేస్త్రీ చెప్పిన కొలతల సంగతి చూద్దాం. కేసంతా ఆ నాలుగు మిల్లీమీటర్లలోనే ఉంది. పాతకాలపు వి-బెల్టుల్లో ఎ సైజు పైవెడల్పు 13 మి.మీ., బి సైజు 17. ఈ బెల్టు పుల్లీ గాడిలో పక్క గోడల్ని పట్టుకుని తిరగాలే తప్ప అడుగున ఆనకూడదు. 17 గాడిలో 13 వేస్తే అది లోపలికి దిగిపోయి జారుతుంది. కీచుమన్నది అందుకే. బెల్టు జారితే ఫ్యాను, వాటర్ పంపు నెమ్మదించి ఇంజను వేడెక్కుతుంది. అంటే దుకాణదారు పొడవు కొలిచాడు, వెడల్పు కొలవలేదు.

చట్టం ఇక్కడ అడిగేది ఒకే ప్రశ్న: ఎంపిక ఎవరిది? 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, సరుకు ఏ పనికో కొనేవాడు అమ్మేవాడికి తెలియజేసి, అతని నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. మీరు "బి 50 బెల్టు ఒకటివ్వండి" అని నంబరు చెప్పి కొని ఉంటే ఎంపిక మీది. అప్పుడు ఆయన అన్న మాటకు విలువ ఉండేది. మీరలా చేయలేదు. పేరున్న కంపెనీ బెల్టే ఇచ్చామని కూడా వాళ్ళు అనొచ్చు. బ్రాండు పేరుతో కొన్న సరుకుకు ఆ షరతు వర్తించదని అదే సెక్షన్లో మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ మన చట్టానికి మూలమైన ఇంగ్లండు చట్టం కింద 1925లో బాల్‌డ్రీ వర్సెస్ మార్షల్ అనే కేసు వచ్చింది. కొనుగోలుదారు తనకు ప్రయాణానికి సుఖంగా ఉండే కారు కావాలని చెబితే అమ్మకందారు బుగాటీ చూపించి అమ్మాడు. సలహా మీద ఆధారపడి కొన్నప్పుడు బ్రాండు పేరు వెనక దాక్కోవడం కుదరదన్నది కోర్టు. మీరైతే బ్రాండు పేరే ఎత్తలేదు.

ఇక ఆ పుల్లీ గొడవ. అవతలి వకీలు దీన్ని తప్పకుండా పట్టుకుంటాడు, అతని దగ్గర మంచి ఆయుధమే ఉంది. 1996లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన స్లేటర్ వర్సెస్ ఫిన్నింగ్ కేసు మీ కథకు దగ్గరి చుట్టం. ఒక చేపల పడవ ఇంజనుకు కొత్త కామ్‌షాఫ్టు వేస్తే అరిగిపోయింది, మళ్ళీ వేస్తే మళ్ళీ అరిగింది. చివరికి తేలిందేమిటంటే, లోపం కామ్‌షాఫ్టుల్లో లేదు, ఆ పడవకే ఉన్న అసాధారణమైన ప్రకంపనలో ఉంది. అదే ఇంజనును ఇంకో పడవకు బిగిస్తే చక్కగా నడిచింది. కొన్నవాడి వస్తువులో ఉన్న వింత గుణం అమ్మినవాడికి చెప్పనప్పుడు, ఆ గుణం వల్ల వచ్చిన నష్టానికి అతను బాధ్యుడు కాడన్నారు. ఇంగ్లండు తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు, కానీ చట్టం మాటలు ఒకటే కనుక గౌరవంగా చదువుతారు.

మీరు నోటితో "1966 బెంజి లారీ" అని మాత్రమే చెప్పి ఉంటే ఈ తీర్పు మీ నెత్తిన పడేది. పుల్లీ మార్చిన సంగతి మీకే తెలియదు, ఆయనకెలా తెలుస్తుంది? కానీ మీరు పాత బెల్టును కౌంటరు మీద పెట్టారు. ఆ బండి పుల్లీకి ఎంత వెడల్పు బెల్టు కావాలో అది మౌనంగా చెబుతూనే ఉంది. అరిగిన బెల్టు కాస్త సన్నబడుతుందే గానీ లావెక్కదు. 17 మి.మీ. బెల్టు ఎదురుగా ఉండగా 13 మి.మీ. ఇచ్చినవాడు "నాకు చెప్పలేదు" అనలేడు. పైగా ఇది నమూనా చూపించి కొన్న సరుకు అని సెక్షన్ 17 కింద కూడా వాదించొచ్చు: ఇచ్చిన సరుకు నమూనాకు సరిపోవాలి.

కాబట్టి ఆ పాత బెల్టు ఇప్పుడు మీకు బంగారం. పారేయకండి, కొత్తది కూడా. రెండూ పక్కపక్కన పెట్టి, స్కేలు కనబడేలా ఫోటోలు తీయండి. పుల్లీ గాడి కొలత, బెల్టు అడుగున ఆనిన గుర్తు, గాస్కెట్ పోవడానికి కారణం మేస్త్రీ చేత రాయించి సంతకం పెట్టించండి. గాస్కెట్ బిల్లు, ఫోన్‌పే రసీదు, చీటీ జాగ్రత్త.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అన్న బోర్డును చూసి జంకేవాళ్ళు ఇప్పటికీ ఎంతమందో! 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. మీరు తొమ్మిదో రోజే వెళ్ళారు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్లో ఉంది. అయితే ఒక మెలిక: బెల్టు మటుకు మంచి బెల్టే, మీ బండికి పనికిరాదంతే. అందుకని బెల్టు తయారుచేసిన కంపెనీని ఇందులోకి లాగకండి, ఉన్న కేసు పలచబడుతుంది. అమ్మినవాడి మీద మాత్రం నిలుస్తుంది, ఎందుకంటే ఒప్పందం ప్రకారం, అది రాయని ఒప్పందమైనా సరే, ఉండాల్సిన ప్రమాణం లేకపోవడం కూడా చట్టం దృష్టిలో లోపమే.

ఎంత వస్తుంది? రూ. 480 వస్తుందని ధైర్యంగా చెబుతాను. రూ. 31,000 మొత్తం వస్తుందని చెప్పలేను. ఫ్యాన్ బెల్టు జారితే ఇంజను వేడెక్కుతుందని విడిభాగాలు అమ్మేవాడికి తెలుసు, కనుక కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద అది సహజంగా వచ్చే నష్టమే. కానీ అదే సెక్షన్ వివరణలో, నష్టాన్ని తగ్గించుకోవడానికి మీకున్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉంది. మీరే రాశారు, మునగాల దగ్గర అరుపు మొదలైందని. సూర్యాపేట దాకా ఎందుకు నడిపారు మాస్టారూ? డ్యాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు పనిచేస్తోందా? వినియోగదారుల కమిషన్‌లో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే. ముల్లు పనిచేయడం లేదంటే అది వేరే తలనొప్పి. నా అంచనాలో ఖర్చులో సగం ఇప్పిస్తే మంచి తీర్పు అనుకోండి.

షూటింగుల మాట గురించి. వాణిజ్య అవసరానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు. పొట్టకూటికి స్వయం ఉపాధిగా చేసుకునేవారికి మినహాయింపు ఉంది గానీ పింఛను వచ్చే మీకు ఆ వాదన అతకదు. బెల్టు కొన్నప్పటికి బండి మీ సొంత ముచ్చటకే కనుక ఇబ్బంది లేదు. అడిగితే ఆలోచన ఉన్న మాటా నిజమే, ఇప్పటిదాకా కిరాయికి ఇవ్వని మాటా నిజమేనని చెప్పండి.

దుకాణానికి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, వకీలు రాయనక్కర్లేదు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇలాంటి చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తెగుతాయి. తెగకపోతే జిల్లా కమిషన్. దీనికోసం విజయవాడ తిరగక్కర్లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. సరుకు ఖరీదు రూ. 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్ళు.

చివరిగా వింటేజ్ రిజిస్ట్రేషన్. ఇందులో మిమ్మల్ని నిరాశపరచక తప్పదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన వింటేజ్ విభాగం 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకు, కార్ల తరగతికి చెందిన నాలుగు చక్రాల బళ్ళకు మాత్రమే. సరుకు రవాణా లారీ ఎంత పాతదైనా అందులోకి రాదు. వచ్చినా మీకు కలిసిరాదు, ఆ నంబరున్న బండిని వ్యాపారానికి తిప్పకూడదు. పుల్లీ, బెల్టు మార్పులకు ఆర్టీఏ అనుమతి అవసరం లేదు, అవి బండి మౌలిక స్వరూపాన్ని మార్చేవి కావు. కానీ రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 56 ప్రకారం దాని రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క. మీరు సూర్యాపేట వెళ్ళిన రోజున అది ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. నోటీసు పోస్టు చేసే ముందు ఆర్‌సీ తీసి ఆ తేదీ ఒకసారి చూసుకోండి.