గుడ్లు కాసే పనికి వెళ్లండి, పిల్లల్ని చూసే టూర్‌కి కాదు

ప్రశ్న: మేడం, మాది దిల్‌సుఖ్‌నగర్, నేను డిగ్రీ ఫైనలియర్. వైజాగ్ బీచ్‌లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే వీడియోలు చూసినప్పట్నుంచి నాకూ వెళ్లి వాలంటీర్‌గా చేయాలనుంది. ఎప్పుడు వెళ్లాలి, సముద్రం గురించి ఏమీ తెలియని మాలాంటోళ్లని రానిస్తారా, పిల్లల్ని చేత్తో పట్టుకుని వదలొచ్చా?

జవాబు: రానిస్తారమ్మా, తప్పకుండా వెళ్లు. కాకపోతే పిల్లల్ని వదిలే రోజు కనుక్కుని ఆ ఒక్క పూట వెళ్లొస్తానంటే మాత్రం నేను వద్దంటాను, ఎందుకంటే ఆ పూట అక్కడ జనానికి కొదవుండదు, కొదవంతా జనవరి నుంచి మార్చి దాకా అర్ధరాత్రి దాటాక ఒడ్డు వెంట నడిచేవాళ్లకే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఒడ్డుకొచ్చేది ఆ నెలల్లోనే. ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి గంటలోపే వెళ్లిపోతుంది, ఆ గుడ్ల కోసం మళ్లీ రాదు. తెల్లారేలోపు మనం ఆ చోటు కనిపెట్టకపోతే కుక్కలో నక్కలో తవ్వి తినేస్తాయి.

అంటే పనిలో ముప్పావు వంతు నడకే. ఇసుక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ కనపడితే దాని వెంటే వెళ్లి గూడు వెతుకుతారు, గుడ్లు తీసి హేచరీలో, అంటే పిల్లలు బయటికొచ్చేదాకా గుడ్లని కాపాడే చోట, సుమారు అడుగున్నర లోతున మళ్లీ పూడ్చిపెడతారు. తల్లి గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోనే ఇదంతా అయిపోవాలి, లేటైతే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. అందుకే గుడ్లు ముట్టుకునే పని కొత్తవాళ్లకివ్వరు, మనసులో పెట్టుకోకు. బకెట్ మోయడం, గూటి నంబరూ తేదీ రాయడం, కుక్కల్ని తోలడం, ఇవి నీ పనులు, ఇవి లేకపోతే హేచరీ నడవదు.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడెక్కువైతే ఎక్కువ ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువ మగవి పుడతాయి, అందుకే హేచరీ వాళ్లు నీడ గురించి అంత పట్టించుకుంటారు. పిల్లల్ని పట్టుకోవద్దు. అవి ఇసుక మీద వాటంతటవే నడిచి వెళ్లాలి, ఫోన్ ఫ్లాష్ వేస్తే దారి తప్పి వెలుగు వైపు తిరుగుతాయి, బీచ్ రోడ్డు లైట్లతో వచ్చే గొడవ కూడా ఇదే. టార్చ్ కావాలంటే ఎర్ర లైటుదే తీసుకెళ్లు.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి వైజాగ్‌లో ఉంటావు. సాగర్‌నగర్, ముత్యాలమ్మపాలెం వైపు అటవీ శాఖ హేచరీలున్నాయి, ముందుగా వాళ్లకి ఫోన్ చేసి పర్మిషన్ తీసుకో, ఎందుకంటే ఇవి 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువులు, మనంతట మనం గుడ్లు కదిపితే కేసే. చెన్నైలో అయితే 1988 నుంచి స్టూడెంట్సే ఈ పని చేస్తున్నారు, సీజన్‌లో వాళ్ల రాత్రి నడకల్లో మామూలు జనం కూడా కలవొచ్చు. ఎక్కడికెళ్లినా ఒడ్డున కాపలా ఉండే జాలరి అన్నలు చెప్పినట్టు విను, ఆ ఇసుక గురించి వాళ్లకి తెలిసినంత మన పుస్తకాలకి తెలీదు.

ప్రశ్న: మియాపూర్ నుంచి రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకి బీచ్‌కి వెళ్తే చచ్చిపోయిన పెద్ద తాబేళ్లు కనిపించాయి, పిల్లలు భయపడ్డారు. ఎందుకు చస్తున్నాయండీ?

జవాబు: ఎక్కువగా ట్రాలర్ల, అంటే వల ఈడ్చుకుంటూ పోయే మర బోట్ల, వలల్లో చిక్కుకునేనండీ. తాబేలు నీళ్లలో ఉన్నా గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే, వల గంటల తరబడి లాగుతుంటే లోపలే ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి ఇలాగే వందల కొద్దీ కొట్టుకొచ్చాయి. వలలో తాబేలు బయటపడేందుకు దారి వదిలే పరికరం ఉంది, టెడ్ అంటారు, కానీ కొంచెం చేపలు కూడా పోతాయని బోట్ల వాళ్లు పెట్టరు. ఆంధ్రాలో మర బోట్లకి ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల వేట కూడదు, ఇది గట్టిగా అమలైతే సగం ప్రాణాలు నిలబడతాయని నా నమ్మకం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంది కదా అంటారు, అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం, తాబేళ్లు అప్పటికే వచ్చి పోతాయి. ఒడిశాలో మాత్రం గహీర్‌మఠ, దేవి, రుషికుల్య దగ్గర నవంబర్ నుంచి మే దాకా ఆపుతారు, మనకీ అలాంటిదే కావాలని మీరు, మీ అపార్ట్‌మెంట్ వాళ్లు కలిసి మత్స్యశాఖకి ఉత్తరం రాయండి. చచ్చిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో, లొకేషన్ తీసి అటవీ శాఖకి పంపండి, లెక్క రాసుకుంటారు.

ప్రశ్న: సముద్రానికి వెళ్లే వీలే లేదు, హైదరాబాద్‌లో ఉండి ఏమన్నా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. మన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ తీరంలో కూడా రిడ్లేలు గుడ్లు పెడతాయి. మీ ఏరియాలో నాలా పక్కన ప్లాస్టిక్ ఏరే గ్రూపు ఉంటే ఆదివారం పొద్దున వాళ్లతో వెళ్లండి. లేకపోతే మీరే నలుగుర్ని పోగేసి వానలు మొదలవ్వకముందే స్టార్ట్ చేయండి, వరదొచ్చాక ఏరడానికి అక్కడేమీ మిగలదు, అంతా మూసీలో పడి కిందికి పోతుంది.