ఆటిజం ఉన్న పిల్లగానికి ఎదుటోళ్ల ఆలోచన ఎట్లా తెలియజెప్పాలె?

మిర్యాలగూడ నుంచి ఒక అక్క అడిగింది: బాబుకు 9 ఏండ్లు, ఆటిజం. మాటలు మంచిగనే వచ్చినయి. కానీ బడిల జరిగిన సంగతి మేం గూడ అక్కడున్నట్టే నడుమ నుంచి మొదలువెడ్తడు, చుట్టాల మొఖం మీదనే ఉన్నమాట అనేస్తడు. 'వీనికి మనసే లేదు' అంటున్నరు, ఏం నేర్పాలె?

అక్కా, మనసు లేకపోవుడు వేరు, ఎదుటోళ్ల మనసుల ఏమున్నదో అందకపోవుడు వేరు. 1985ల సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ అనే పరిశోధకులు చేసిన పరీక్ష ఈ రెండో దాని గురించే. శాలీ అనే బొమ్మ గోలీని బుట్టల పెట్టి బయటికి పోతది, ఆన్ అనే ఇంకో బొమ్మ దాన్ని డబ్బాలకు మారుస్తది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ చూస్తది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లలల్ల 16 మంది గోలీ ఇప్పుడున్న జాగనే చూపిండ్రు. మిగిలిన నలుగురు సరిగ్గనే 'బుట్టల' అని చెప్పిండ్రు, వాళ్లను మరువొద్దు. మామూలుగ 4 ఏండ్ల ఈడుకు దాటే ఈ మెట్టును ఆటిజం పిల్లలు చాలామంది భాష బాగా పెరిగినంక దాటుతరు.

ఇంట్ల మొదలువెట్టేది ఇంకా కిందిమెట్టు నుంచి. ఒక అట్టకు ఒక దిక్కు మేక, ఇంకో దిక్కు మామిడిపండు బొమ్మ అంటించి నడుమ నిలబెట్టండి: 'నీకేం కనవడ్తుంది? నాకేం కనవడ్తుంది?' ఇది తప్పు లేకుంట వచ్చినంక రెండు గిన్నెలు బోర్లేసి, ఒకదాని కింద చింతగింజ పెట్టండి. వాని అక్క చూడాలె, తాత అటు తిరిగి ఉండాలె. 'ఎవరికి ఎరుక? ఎందుకు?' చూసినోళ్లకే ఎరుక అన్నది కుదిరినంకనే, శాలీ కథ లెక్క తాత బయటికి పోయినప్పుడు గింజ జాగ మార్చే ఆట.

ఆ ఆటల ముందు మూడు అడగండి: మొదట ఏడుండె, ఇప్పుడు ఏడుంది, తాత చూసిండా? వీటిల్ల తప్పితే అది మతికి, భాషకు సంబంధించిన ఇబ్బంది, అక్కడే ఆగి సరిచేయాలె. అటెన్క 'తాత ముందుగాల ఏడ దేవులాడుతడు?' అనండి. 'ముందుగాల' అంటే ప్రశ్న తేటగైతది. రోజుకు పది నిమిషాలు చాలు. ఎక్కువగ జరిగే తప్పు ఏందంటే, పిల్లగాడు 'పాత జాగ' అనే జవాబును బట్టీ పడ్తడు. అందుకే తాత చూస్తుండగనే మార్చే వంతులు గూడ కలపండి. హార్లిక్స్ సీసాల కందిపప్పు పోసి, 'మూత తీయనోళ్లు లోపల ఏముందనుకుంటరు?' అని అడిగే ఆట గూడ మంచిదే, కాకపోతే మన ఇండ్లల్ల ఆ సీసాల హార్లిక్స్ ఉంటదని ఎవరూ అనుకోరు, కొత్త డబ్బా వాడుకోండి.

బొమ్మలాటల గెలిచినంత మాత్రాన మాటతీరు దానంతటదే మారదు. ఆటల ఆలోచించే సందు దొరుకుతది, ముచ్చట్లల్ల దొరకదు. కాబట్టి బడి ముచ్చట చెప్పేటప్పుడే ఒక కార్డు ముందు పెట్టండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, అమ్మ అక్కడుందా? మీరు ఊహించుకొని 'ఆ, ఆ' అంటే వానికి ఇడమరిచి చెప్పే అవసరమే రాదు. 'నేను అక్కడ లేను, రవి ఎవరో నాకు తెల్వదు' అని ఆపండి. నోట్‌బుక్కుల పుల్లల మనుషులను గీసి, అన్న మాటకు ఒక బుడగ, లోపల అనుకున్నదానికి ఇంకో బుడగ పెడితే కండ్లకు కనవడ్తది.

'అత్తా, లావైనవ్' అన్నందుకు కొట్టొద్దు, 'తప్పు' అని ఊకోవద్దు. 'అది నిజమే, కానీ వింటే అత్తకు బాధైతది, అసుంటియి వంటింట్ల నాకే చెప్పు' అని కారణంతో చెప్పండి. అసలు గడప దాటంగనే 'ఏందే గింత బక్కగైనవ్' అనే చుట్టాల నుంచి వాడు ఏం నేర్వాలె!

కండ్లల్లకి చూడుమని ఒత్తిడి చేయొద్దు, చానామందికి అది వినుడునే చెడగొడ్తది.

ఇంకో సగం పని ఇంటోళ్లది. 2012ల డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న పరిశోధకుడు ఈ ఇబ్బంది రెండుదిక్కుల నుంచీ ఉంటదన్నడు. 2020ల ఎనిమిది మంది వరుసల ఒకరి నుంచి ఒకరికి కథ అందించే పరీక్షల, అందరూ ఆటిజం ఉన్నోళ్లైనా, అందరూ లేనోళ్లైనా సంగతి దాదాపు సమానంగనే అందింది. కలిపి కూసోబెట్టినప్పుడే ఎక్కువ జారిపోయింది. కాబట్టి అవ్వ 'జర పాలు చూడు' అంటే వాడు చూస్తనే ఉంటడు, 'పాలు పొంగు రాంగనే స్టవ్ బంద్ చెయ్' అనాలె.

మండలంల ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం ఉంటది, అక్కడి ఐఈఆర్‌పీని, అంటే ఆ పిల్లలకు నేర్పే టీచర్‌ను కలవండి. ఇంకా లోతుగ చూపియ్యాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల ఎన్ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఎక్కడికి పోయినా ముందుగ భాష స్థాయి చూడుమని అడగండి. 'పప్పు ఉందని తాత అనుకుంటుండు' లాంటి వాక్యం వానికి అందకపోతే, తాత మనసు ఆటలకంటే ముందు స్పీచ్ థెరపీల ఆ వాక్యాలే పట్టాలె.