డాల్ఫిన్‌ను పరామర్శించడానికి వెళ్తున్న అమ్మడికి

పద్మారావునగర్,
సికింద్రాబాద్.

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో కుక్కర్ కూతల మధ్య సగం మాటలు వినపడలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మే నెలలో అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపాలో మీ ఆడపడుచు ఇంటికి వెళ్తున్నామనీ, పిల్లలకు క్లియర్‌వాటర్ మెరైన్ అక్వేరియం చూపిస్తామనీ చెప్పావు. ఒక పూట సరిపోతుందా, షో ఎన్నింటికి అని అడిగావు. పూట సరిపోతుంది. షో అన్న మాటే రాత్రంతా నా మనసులో తిరిగింది.

అది ఆస్పత్రి తల్లీ. మనవాళ్ళెవరికైనా ఆపరేషన్ అయితే గాంధీకో నిమ్స్‌కో వెళ్ళి ఎలా పలకరించి వస్తామో, అక్కడికీ అలాగే వెళ్ళాలి. వార్డులో గొంతు తగ్గించి మాట్లాడతాం. పేషెంటు పడుకుని ఉంటే బయట బెంచీ మీద కూర్చుంటాం. ఎలా జరిగింది, ఇప్పుడెలా ఉంది, ఇంటికెప్పుడు పంపిస్తారు అని అడుగుతాం. పిల్లలకు ఈ మూడు ప్రశ్నలూ ఇక్కడే నేర్పి తీసుకెళ్ళు. ప్రతి తొట్టి దగ్గరా అక్కడివాళ్ళను ఇవే అడగమను. మనసుపెట్టి అడిగిన పిల్లలకు వాళ్ళు ఎంత ఓపిగ్గా చెప్తారో నేను చూశాను.

ఆ సంస్థ 1972లో మొదలైంది. 1978లో మూతపడ్డ నీటి శుద్ధి ప్లాంటు ఒకటి వాళ్ళ చేతికొచ్చింది. నీళ్ళు నిలిపే పాత సిమెంటు తొట్లనే జంతువుల కొలనులుగా మార్చుకున్నారు. గాయపడ్డవాటిని తెచ్చి, నయం చేసి, వీలైతే మళ్ళీ సముద్రంలో వదలడం వాళ్ళ పని. పిల్లలకు ముందు ఇది తెలియాలి. లేకపోతే అక్కడ ఒక ఖాళీ తొట్టి కనిపిస్తే "ఇందులో ఏమీ లేదు" అని నిరాశపడతారు. ఖాళీ అయిందంటే అందులోని తాబేలు కోలుకుని వెళ్ళిపోయిందేమో కూడా. అడిగి చూడండి.

ఇప్పుడు నీకు గట్టిగా చెప్పాల్సింది ఆ అక్వేరియంలో పెరిగిన వింటర్ అనే డాల్ఫిన్ గురించి. మీ పెద్దవాడు దాని మీద తీసిన 'డాల్ఫిన్ టేల్' సినిమా చూశాడన్నావు కదా. 2011లో వచ్చిన ఆ సినిమాలో వింటర్ వేషం వింటరే వేసింది. అది 2021 నవంబర్ 11న చనిపోయింది. పేగు మెలిపడి, పదహారేళ్ళ వయసులో. ఈ మాట వాడికి విమానం ఎక్కకముందే చెప్పు. నేను చేసిన తప్పు నువ్వు చేయకు. 2022లో మా మనవణ్ణి తీసుకెళ్ళినప్పుడు వాడికి ఆరేళ్ళు. దారిలో చెప్తే ఏడుస్తాడని నోరు విప్పలేదు. అక్కడికి వెళ్ళాక "ఏదీ వింటర్?" అంటే "నిద్రపోతోందిరా" అన్నాను. వాడు అద్దం ముందు కూలబడి, అది లేచేదాకా కదలనన్నాడు. చివరికి పక్కనున్న ఇంకో పిల్లాడు నిజం చెప్పాడు. ఆ రోజంతా వాడు నా చెయ్యి పట్టుకోలేదు. డాల్ఫిన్ పోయిందన్న బాధకంటే నానమ్మ అబద్ధం చెప్పిందన్న బాధే వాడిలో ఎక్కువసేపు ఉంది. ఎనిమిదేళ్ళ మీ పెద్దవాడు నిజం తట్టుకుంటాడు. ఇంట్లో, అన్నం తినిపిస్తూ, మామూలుగా చెప్పు.

వింటర్ కథ మాత్రం పూర్తిగా చెప్పాలి. 2005 డిసెంబర్‌లో ఫ్లోరిడా తూర్పు తీరంలో, రెండు మూడు నెలల పిల్లగా, పీతల బోనుకు కట్టే తాడులో చిక్కుకుంది. తాడు బిగుసుకుని తోకకు రక్తం అందలేదు, తోక ఊడిపోయింది. తోక లేని డాల్ఫిన్ బతకదనే అనుకున్నారందరూ. అది బతికింది, ఈదడం కూడా తనకు తోచినట్టు నేర్చుకుంది. కానీ డాల్ఫిన్ తోక పైకీ కిందికీ ఆడాలి. ఇది చేపలాగా పక్కలకు ఊపుతూ ఈదింది. దాంతో వెన్నెముక పక్కకు వంగడం మొదలైంది.

ముప్పై ఏళ్ళు ఫిజియోథెరపీ చేసినదాన్ని, ఇక్కడ నా చెయ్యి ఆగదు. ఒక అవయవం పోతే మిగతా ఒళ్ళు దాని పని మోయబోయి తానూ చెడిపోతుంది. పోలియో వచ్చిన పిల్లల్లో ఇదే రోజూ చూసేదాన్ని. కాలు ఈడుస్తూ ఈడుస్తూ నడుము వంగిపోయేది. కలాం గారు డీఆర్‌డీవోలో ఉన్న రోజుల్లో మన నిమ్స్‌కి వచ్చి, కాళ్ళకు ఆసరాగా తొడిగే, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనప కాలిపర్లతో కాళ్ళీడుస్తున్న పిల్లల్ని చూసి, తేలికైన పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించారు. నేను పనిచేసింది వేరే ఆస్పత్రిలో అయినా ఆ వార్త విన్న రోజు మా డిపార్ట్‌మెంట్ అంతా పండగే. వింటర్‌కి చేసిందీ అలాంటి పనే. మనుషులకు కృత్రిమ కాళ్ళు చేసే నిపుణులు దానికి తోక చేశారు. డాల్ఫిన్ చర్మం చాలా సున్నితం, గట్టిది ఏది తొడిగినా ఒరుసుకుపోతుంది. అందుకని మెత్తని జెల్‌తో ఒక తొడుగు కనిపెట్టి, దాని మీద తోక బిగించారు. రోజంతా ఉంచేవాళ్ళు కాదు. మన దగ్గర ఎక్సర్‌సైజులు చేయించినట్టే కొద్దిసేపు తొడిగి, పక్కన ఉండి ఈదించి, తీసేసేవాళ్ళు. ఆ జెల్ తర్వాత కాళ్ళు పోయిన మనుషులకూ పనికొచ్చింది. మీవాడికి ముందు నిమ్స్ పిల్లల సంగతి చెప్పి, తర్వాత వింటర్ సంగతి చెప్పు. సొంత ఊరి కథ పక్కన పెడితే బాగా ఎక్కుతుంది.

హోప్ అని ఇంకో డాల్ఫిన్ ఉంది. నేను వెళ్ళినప్పుడు దాన్ని చూశాను. 2010 డిసెంబర్‌లో అది పసిపిల్లగా దొరికింది. తల్లి అప్పటికే చనిపోయి ఉంది. నాలుగేళ్ళ మీ చిన్నదానికి ఆ వివరాలొద్దు. "వాళ్ళమ్మ లేదు, అందుకని వీళ్ళు పెంచుతున్నారు" అంటే చాలు. పెద్దవాడు మాత్రం "ఇప్పుడు పెద్దదయిందిగా, సముద్రంలోకి వదలొచ్చుగా?" అంటాడు. డాల్ఫిన్ పిల్ల ఏళ్ళ తరబడి తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. అది నేర్పే తల్లి లేకుండా మనుషుల చేతుల్లో పెరిగినదాన్ని సముద్రంలో వదిలితే ఆకలితో చస్తుంది. ఏ డాల్ఫిన్‌ను వదలాలి, దేన్ని ఉంచాలి అన్నది అక్వేరియం వాళ్ళ ఇష్టం కూడా కాదు. నోవా అనే వాళ్ళ ప్రభుత్వ సంస్థ తేలుస్తుంది.

అన్ని చోట్లా ఇలా ఉండదని కూడా నీకు తెలియాలి. డబ్బు కడితే డాల్ఫిన్‌తో ఈత కొట్టించే చోట్లు ఆ దేశంలో ఉన్నాయి. మీ ఆడపడుచు పిల్లలు సరదాపడినా అటు వెళ్ళొద్దని నా మాటగా చెప్పు. ఆటలాడించడానికి డాల్ఫిన్‌లను కొలనుల్లో పెట్టుకోవడం మన దేశంలో 2013లోనే వద్దన్నారు. ఈ విషయంలో మనం మంచి పని చేశామని నా గట్టి నమ్మకం.

ఇక వెళ్ళే సంగతులు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. శని, ఆదివారాలు వద్దు, బీచ్‌కి వెళ్ళే కార్లన్నీ ఆ దారినే నిలిచిపోతాయి. తలుపులు తెరిచే వేళకి చేరుకోండి. టాంపా నుంచి వచ్చేటప్పుడు కోర్ట్నీ క్యాంప్‌బెల్ కాజ్‌వే మీదుగా రమ్మను, రెండు వైపులా నీళ్ళే. పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టు. పెలికాన్‌లు రెక్కలు ముడిచి నీళ్ళలోకి దూకడం అక్కడే కనిపించొచ్చు.

లోపలికి వెళ్ళగానే మేత వేసే వేళలు కనుక్కుని, మిగతా సమయం దాని చుట్టూ సర్దుకోండి. మీ అత్తగారికి ముందే చెప్పు, మేత వేసేచోట నీచు వాసన గట్టిగా ఉంటుంది. ఆవిడకు పడదు. చేతిరుమాలులో రెండు యాలకులు పెట్టి ఇవ్వు, లేదా ఆ పది నిమిషాలు దూరంగా నీడలో కూర్చోబెట్టు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి వీల్‌చైర్ దొరుకుతుందా అని ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. ఆవిడ మొహమాటపడతారు, నువ్వు వినకు. అక్కడ శాకాహారం వెతుక్కునే టెన్షన్ పెట్టుకోకుండా పులిహోర, పెరుగన్నం కలుపుకుని వెళ్ళండి, బయట ఎక్కడైనా తినొచ్చు. తినేటప్పుడు సముద్రపు కాకులు చేతిలోంచి లాక్కుపోతాయి, చిన్నది జడుసుకుంటుంది, మధ్యలో కూర్చోబెట్టు. వాటికి మెతుకు కూడా వేయొద్దు. మేలో ఎండ మన ఎండలా మాడ్చదు కానీ ఉక్కపోత చెమటలు కార్పిస్తుంది. నీళ్ళసీసా ఒక్కొక్కరికి ఒకటి.

అద్దం తట్టొద్దు. ఇది పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ చెప్పాలి, మీ ఆయనకు కూడా. నీళ్ళలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది. డాల్ఫిన్ చాలావరకు వినికిడితోనే దారి వెతుక్కుంటుంది. మనం వేలితో టకటకమంటే పేషెంటు తల దగ్గర గరిటెతో పళ్ళెం కొట్టినట్టే. ఫోటోలకు ఫ్లాష్ ఆపేయండి. టేకు చేపల్ని ముట్టుకోనిచ్చే తొట్టి ఉంటే, పిల్లల చేతులకున్న సన్‌స్క్రీన్ కడిగేసి, రెండు వేళ్ళు చాపి వీపు మీద మెల్లిగా నిమరమను. పట్టుకోవద్దు.

డాల్ఫిన్‌ల దగ్గరే పొద్దు గడిపేయకండి. నాకు మనసు నిలిచిపోయింది తాబేళ్ళ దగ్గర. పడవ ఫ్యాను తగిలి చిప్ప పగిలినవి, గాలం మింగినవి, చేపలవల దారం రెక్కకు చుట్టుకున్నవి వస్తాయి. కొన్నిటికి దెబ్బ తగిలినచోట చిప్ప కింద గాలి చేరిపోతుంది. పాపం వెనకభాగం పైకి తేలిపోయి కిందికి మునగలేవు. అలాంటివాటికి చిప్ప మీద చిన్న చిన్న బరువులు అతికిస్తారు, సమంగా తేలడానికి. అది చూసి మా మనవడు మళ్ళీ నాతో మాటలు కలిపాడు, "నానమ్మా, నువ్వు కూడా కాళ్ళకి ఇసక మూటలు కట్టేదానివిగా" అని. చలికాలంలో నీళ్ళు బాగా చల్లబడితే తాబేళ్ళు కొయ్యబారిపోయి తేలతాయి. వాటిని తెచ్చి కొద్దికొద్దిగా వేడెక్కిస్తారు, తొందరపడితే ప్రాణం పోతుంది. చిన్నదాన్ని ఒక్క తాబేలు ముందు పది నిమిషాలు నిలబెట్టు. అది గాలి పీల్చడానికి తల పైకెత్తే క్షణం చూడాలి.

సాయంత్రం బీచ్‌కి వెళ్తారు కదా. మే నుంచి అక్టోబర్ దాకా ఆ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఈ అక్వేరియం వాళ్ళే పొద్దున్నే తీరం వెంట నడిచి గూళ్ళు గుర్తించి, కర్రలు పాతి రిబ్బన్ కడతారు. దాని దగ్గరికి వెళ్ళనివ్వకు. మీవాడు ఇసకలో గొయ్యి తవ్వితే, వచ్చేముందు వాడిచేతే పూడ్పించు. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి అందులో పడితే లేవలేదు. ఇసక గుళ్ళు కూడా చదును చేసి రండి. చీకటిపడ్డాక ఫోన్ టార్చ్ వేయొద్దు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపే సముద్రమని పాకుతాయి.

దుకాణంలో బొమ్మ ఒకటి కొనిపెట్టు, ఆ డబ్బులూ జంతువుల ఖర్చుకే వెళ్తాయి. డబ్బు కట్టి డాల్ఫిన్‌కు దగ్గరగా వెళ్ళే ప్యాకేజీలు నాలుగేళ్ళదానికి దండగ, మానుకోండి.

ఇదంతా అమెరికా సంగతి అని పిల్లలు అనుకోకూడదని నా ఆరాటం. మన నాలాల్లో వేసిన కవరు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది. తాబేలు దాన్ని జెల్లీ చేప అనుకుని మింగుతుంది. మన విశాఖ తీరానికీ ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫారెస్టువాళ్ళు ఆ గుడ్లు తెచ్చి హేచరీల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. వచ్చే మార్చిలో ఒక శని, ఆదివారం చూసుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్దాం. నేనూ వస్తాను, టికెట్లు ముందే చెయ్యి, నాకు కింది బెర్త్.

ఫ్లోరిడా నుంచి వచ్చాక పిల్లలతో ఒక ఆదివారం ఇంటికి రా. పెద్దవాడు తాబేళ్ళ గురించి అడిగిన మూడు ప్రశ్నలకూ ఏం జవాబులొచ్చాయో వాడి నోటే వినాలి నేను. ఫోన్‌లో చెప్పించేయకు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ