సమాధానం: నార్వే వాఫిళ్ళు చేదెక్కడానికి కారణం

బెర్గెన్‌లో ఉంటున్న మీరు, అక్కడి వంటపుస్తకం చూసి చేసిన వాఫిళ్ళు (వేడి అచ్చుపెనంలో కాల్చే అట్లు, అంటే వాఫుల్స్) చేదుగా, సబ్బు రుచితో వచ్చాయని, కొలతల సంకేతాలు కూడా అర్థం కాలేదని రాశారు. పొరపాటు పాల దగ్గరే జరిగిందని నా అభిప్రాయం. మీరు మామూలు పాలుగా భావించిన ‘కుల్టూర్‌మెల్క్’ నిజానికి తోడుపెట్టి పులియబెట్టిన పాలు. చిక్కటి మజ్జిగ దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ‘నాట్రోన్’ అంటే మన వంటసోడా. దానికి పులుపు తోడైతేనే పిండి చక్కగా పొంగుతుంది కనుక, పులియని పాలలో కలిపినప్పుడు సోడా చాలావరకు అలాగే మిగిలిపోయి చేదునిస్తుంది. మామూలు పాలే వాడదలచుకుంటే ‘బాకెపుల్వర్’, అంటే ఆమ్లం ముందే కలిసి ఉండే బేకింగ్ పౌడరు, వేయండి.

కొలతల్లో ‘టి.ఎస్.’ 5 మి.లీ. చెంచా, ‘ఎస్.ఎస్.’ 15 మి.లీ. చెంచా. ‘డి.ఎల్.’ అంటే డెసీలీటరు, అనగా 100 మి.లీ.; దానిని కప్పుగా తీసుకుంటే పిండి రెట్టింపుకు మించిపోతుంది. ‘వేతెమేల్’ అనే మాటకు గోధుమపిండి అని అర్థమే అయినా, ఆ పేరుతో దుకాణాల్లో సాధారణంగా దొరికేది మైదా వంటిది, డెసీలీటరుకు సుమారు 60 గ్రాములు తూగుతుంది. దాని పక్కనే కనిపించే ‘పుటేట్‌మేల్’ బంగాళాదుంప గంజిపొడి. ఒకదాని బదులు మరొకటి వాడకండి. ‘కార్దెమొమ్మె’ మన ఏలకులే, కాబట్టి వాటి విషయంలో మీ చేతి కొలత చాలు.