టేపు అరిగింది, హక్కు మిగిలింది

ప్రశ్న: మా నాన్నగారు వీడియో క్యాసెట్ల లైబ్రరీ నడిపి, నష్టపోయి మూసేశారు. అదే వ్యాపారంతో మొదలైన కంపెనీలు ఓటీటీ దాకా ఎలా ఎదిగాయండీ?
– ఓ పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. రాయగడలో నాదీ అదే దుకాణం. విశాఖ నుంచి రైల్లో క్యాసెట్లు తెచ్చేవాణ్ణి. వానాకాలం వచ్చిందంటే టేపు అంచున తెల్లటి బూజు. మెత్తటి గుడ్డతో తుడుస్తూ రాత్రిళ్లు కూర్చునేవాణ్ణి. బూజు పట్టిన క్యాసెట్ ఇస్తే అద్దెకు తీసుకున్నవాళ్ల వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్ పాడవుతుందని టెన్షన్.

ముంబైలో షెమారూ 1962లో పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీగా మొదలైంది. 1979లో వీడియో క్యాసెట్ల అద్దెకు దిగింది. తర్వాత సినిమాల హక్కులు కొనడం మొదలుపెట్టింది. కిటుకంతా ఇక్కడే ఉంది. మీ నాన్నగారి దగ్గరా నా దగ్గరా ఉన్నది టేపు, వాళ్ల దగ్గరున్నది హక్కు. టేపు అరిగిపోతుంది. హక్కు ఉంటే అదే సినిమాని వీసీడీగా, డీవీడీగా అమ్మొచ్చు, టీవీకి ఇవ్వొచ్చు, యూట్యూబ్‌లో పెట్టొచ్చు. 2019లో సొంత యాప్ కూడా తెచ్చారు. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ కూడా 1998లో పోస్టులో డీవీడీలు పంపుతూ మొదలై, 2007లో స్ట్రీమింగ్‌కి వచ్చింది.

నాన్నగారి చేతకానితనం అని మాత్రం అనుకోకండి. హక్కులు కొనేంత పెట్టుబడి మన ఊళ్లలో చిన్న దుకాణాలకి ఎక్కడిదమ్మా? ఆయన పాత రిజిస్టరు ఉంటే పారేయకండి. నాది ఇంకా బీరువాలోనే ఉంది, ఏ సినిమా ఎవరింటికి వెళ్లిందో తేదీలతో సహా.