గుంట వేసే ముందు అల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు లీజుకు తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. సీడ్ అంటే రొయ్య పిల్ల, మేత, అమ్మకం మొత్తం ఒక్క డీలరే చూసుకుంటాడన్నావట. నాకు నచ్చనిది అదే. అప్పు మేత తిన్నాక పట్టుబడి రోజున అతను చెప్పిందే రేటు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు రేటు ఎలా పడిపోయిందో చూశావుగా. చేతిలో డబ్బుకు తగ్గట్టే పిల్ల వెయ్యి, కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురుండేలా చూసుకో.

నువ్వు వేసే వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలు హద్దు. అంచుదాకా పోవద్దు. సగం వేస్తే మేత, కరెంటు, అడుగు బురద అన్నీ తగ్గుతాయి. కరెంటు పోయిన రాత్రి రొయ్య కాసేపు ఎక్కువ తట్టుకుంటుంది.

ఆపదకు మిగులు పెట్టుకోవడం, వృథా తగ్గించడం ఒక్కోసారి పొసగవు. తుఫాను భయంతో రెండు నెలల మేత పేరిస్తే ఈ ఉప్పుగాలికి బూజు పడుతుంది. పదిహేను రోజులది చాలు, చెక్కల మీద, గోడకు తగలకుండా పెట్టించు. డీజిల్ జనరేటర్ మాత్రం ఉండాల్సిందే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి గుంటంతా తేలితే, అప్పటిదాకా పోసిన మేతా, కాల్చిన కరెంటూ మట్టిపాలే. వారానికోసారి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ దానికి తగిలించి నడిపి చూడు.

మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే, అదే మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం, నువ్వే లేపు, కూలీ మాట నమ్మి ఊరుకోకు. ట్రేలో మేత మిగిలి, రొయ్య వీపున పేగు గీత ఖాళీగా కనిపిస్తే తర్వాతి పూట తగ్గించు. మిగిలిన మేతే అడుగున నల్ల బురదై కుళ్లుతుంది.

నీళ్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఒక గుంట నీళ్లు తేర్చుకోవడానికి, ఇంకొకటి బయటికి వదిలే నీళ్లకు ఖాళీగా ఉంచు. రాబడి పోతుందని లెక్కేస్తావు, తెలుసు. వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బుకు మందు లేదు నాయనా. జబ్బు నీళ్లు కాలువలోకి వదిలితే కింది రైతు మోటారుతో అవే ఎక్కించుకుంటాడు, వాడు వదిలినవి పోటుకు మళ్లీ నీ మోటారు దగ్గరికే వస్తాయి. జబ్బు కనిపిస్తే తూము మూసి, బ్లీచింగ్ కొట్టి ఆపెయ్. దాచకుండా చుట్టుపక్కల వాళ్లకు ఫోన్ చెయ్. వాళ్లూ నీకు చెప్పేలా సీడ్ దింపకముందే మాట్లాడుకోండి.

యాంటీబయాటిక్ డబ్బా ఎవరిచ్చినా గుంట గట్టు మీదికి రానివ్వకు, పరీక్షలో దొరికితే ఆ సరుకు ఎవరూ కొనరు.

రొయ్య పిల్లకు జబ్బు ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకు. లీజు కాగితం రాసుకునే రోజు చెప్పు, కాలువ గట్టు ఒకసారి నడిచి చూద్దాం.

మీ మామయ్య